వలస కూలీ గ్రహాంతరవాసి కాడు

గ్రహాంతరజీవి కథ ఏది తీసుకున్నా లోపల ఉండేది వలస మనిషే. గల్ఫ్‌లోని తెలుగు సాహితీ కూటముల్లో ఈ మాట సూక్తిలా చెలామణీ అవుతోంది. సైన్స్ ఫిక్షన్ కథ రాద్దామని ఎవరైనా కుర్రాడు ముందుకొస్తే పెద్దలు చెప్పే సలహా ఒక్కటే: "ఏలియన్ అంటే ఇంకెవరు బాబూ, నువ్వే. క్యాంపులో నీ బతుకు రాయి, దానికి నాలుగు చేతులు తగిలించు, కథ అయిపోతుంది." 2024 నవంబరులో తొమ్మిదో ప్రపంచ తెలుగు సాహితీ సదస్సు దోహాలోనే జరిగింది. తెలుగు సాహిత్యపటంలో ఖతర్ ఇప్పుడు మారుమూల కాదు. ఇక్కడ పాతుకున్న అభిప్రాయం ఇక్కడే ఆగిపోదు కాబట్టి దీన్ని ఇక్కడే ఎదుర్కోవాలి.

ముందు ఆ వాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పుకుందాం. రాసేవాడు మనిషి, చదివేవాడు మనిషి. కాబట్టి మనిషికి పూర్తిగా పరాయిదైన జీవిని ఊహించడం అసాధ్యం, ఊహించామనుకోవడం భ్రమ. ఇది మొదటి మాట. రెండోది చరిత్ర. 2009లో వచ్చిన 'డిస్ట్రిక్ట్ 9' సినిమా జొహానెస్‌బర్గ్ మురికివాడలో గ్రహాంతరజీవుల్ని పెట్టి వర్ణవివక్ష గాయాన్ని చూపించింది. ఖతర్ తండ్రికీ అమెరికన్ తల్లికీ పుట్టిన సోఫియా అల్ మరియా 2012లో తన జ్ఞాపకాల పుస్తకానికి 'ది గర్ల్ హూ ఫెల్ టు ఎర్త్' అని పేరు పెట్టుకుంది. అద్దాల మేడల, మాల్‌ల గల్ఫ్ జీవితాన్ని చదవడానికి 'గల్ఫ్ ఫ్యూచరిజం' అనే ఆలోచనను ఫాతిమా అల్ ఖాదిరితో కలిసి ముందుకు తెచ్చింది. మూడోది మన చుట్టూ ఉన్న వాస్తవం. ఖతర్‌లో పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బయటి దేశాలవాళ్లే. పక్కపక్కనే బతుకుతూ ఒకరి బతుకు ఒకరికి తెలియని సమాజం ఇంతకంటే ఎక్కడుంటుంది? నాలుగోది కథాశిల్పం. నిజంగా అంతుపట్టని జీవితో పాఠకుడికి బంధం కుదరదు, కథ చల్లబడిపోతుంది.

వాదం గట్టిదే. కానీ దాని నాలుగు కాళ్లూ ఒక్కొక్కటిగా విరుగుతాయి.

1. అన్నిటికీ సరిపోయే రుజువు దేన్నీ రుజువు చేయదు

మనిషి రాశాడు కాబట్టి అది మనిషి గురించే అనడంలో ఒక దొంగదారి ఉంది. ఈ తర్కం గ్రహాంతరజీవి దగ్గర ఆగదు. సూర్యుడి గురించి రాసిన భౌతికశాస్త్ర గ్రంథాన్నీ మనిషే రాశాడు. అది మనిషి మనసు గురించిన పుస్తకమా? చేపల వలస మీద పరిశోధన రాసినవాడూ మనిషే. ఆ చేపలు అతని బాల్యానికి ప్రతీకలా? ఎవరు రాశారన్నది ఒక ప్రశ్న, దేని గురించి రాశారన్నది మరో ప్రశ్న. రెండింటినీ కలిపేస్తే ప్రపంచంలోని ప్రతి పుస్తకమూ ఆత్మకథే అవుతుంది.

పూర్తిగా పరాయిదాన్ని ఊహించలేం అన్నది ఒప్పుకుందాం. అయితే పూర్తిగా ఊహించలేనప్పుడు రెండు దారులుంటాయి. ఊహ ఎంతవరకు పోతుందో అంతవరకు తోసుకుంటూ వెళ్లి, అది తెగిన చోటును పాఠకుడికి చూపించడం ఒకటి. అసలు బయల్దేరకుండా ఇంట్లో మనిషికే రంగు పూసి నిలబెట్టడం రెండోది. మొదటిది అసంపూర్ణం కాబట్టి రెండోదే సరైనదని తేల్చడం తర్కం కాదు, బద్ధకం.

2. రాసినవాళ్లు ఏమన్నారు, కథలు ఏమన్నాయి

ఆక్టేవియా బట్లర్ 1984లో 'బ్లడ్‌చైల్డ్' అనే కథ రాసింది. మనుషులు మరో గ్రహంలో తలదాచుకున్నారు. అక్కడి జీవులు తమ గుడ్లను మనుషుల శరీరాల్లో పెట్టి పొదిగిస్తాయి. బదులుగా రక్షణ, నీడ, ఒకలాంటి కుటుంబం ఇస్తాయి. బట్లర్ నల్లజాతి రచయిత్రి కదా, ఇంకేం, ఇది బానిసత్వం కథే అని చాలామంది తీర్పు చెప్పేశారు. కాదని ఆమె తన సంపుటిలోనే తేల్చి చెప్పింది. ఆమె దృష్టిలో అది ప్రేమకథ, పురుషుడు గర్భం మోసే కథ, ఉండే చోటుకి మనుషులు కట్టాల్సిన అద్దె కథ. చర్మంలో గుడ్లు పెట్టే ఈగల మీద తనకున్న భయంలోంచి పుట్టిన కథ.

రచయిత మాటే వేదం కానక్కర్లేదు. కథనే అడుగుదాం. అందులో కుర్రాడి దగ్గర తుపాకి ఉంది. ఆ జీవి దాన్ని లాక్కోగలిగీ అతని దగ్గరే వదిలేస్తుంది. అతని అక్క శరీరాన్ని కాకుండా తన శరీరాన్నే ఇవ్వాలని అతను నిర్ణయించుకుంటాడు. అందులో భయం ఉంది, అసూయ ఉంది, మమకారమూ ఉంది. ఆ జీవికి ఇందులో ఏది ఎంత అర్థమైందో మనకు తెలియదు. 'యజమాని - బానిస' అనే చీటీ అంటించగానే ఇవన్నీ మాయమవుతాయి. కథలో అతి కష్టమైన ప్రశ్న, అంటే ఇద్దరూ ఒకరు లేకుండా ఒకరు బతకలేని చోట సమ్మతి అంటే ఏమిటన్నది, వినిపించకుండా పోతుంది.

పోలండ్ రచయిత స్తానిస్లావ్ లెమ్ గొడవా ఇదే. 1961 నాటి 'సొలారిస్'లో ఒక గ్రహాన్ని కప్పిన సముద్రమే జీవి. తరాల తరబడి శాస్త్రవేత్తలు దాని మీద గ్రంథాలయాలు నింపుతారు. ఒక్క మాట తేలదు. 1972లో టార్కోవ్‌స్కీ దాన్ని సినిమా తీసి మనిషి పశ్చాత్తాపం వైపు తిప్పాడు. తన నవల బదులు దస్తయేవ్‌స్కీ 'నేరము - శిక్ష' తీశాడని లెమ్ మండిపడ్డాడు. సినిమా గొప్పదే కావచ్చు. లెమ్ రాసిన సముద్రం మాత్రం అందులో వెనక తెరగా మిగిలిపోయింది. అన్నిటినీ మనిషిగా చదివే అలవాటు గొప్ప కళాకారుడి చేతిలోనే అంత పని చేస్తే, మామూలు చేతుల్లో ఏం చేస్తుందో చెప్పాలా?

3. జాలి ఎవరికి దక్కింది?

వలస మనిషికి గ్రహాంతరజీవి వేషం కట్టే ఈ మారువేషపు కథలు అతని మీద సానుభూతి పెంచుతాయంటారు. 'డిస్ట్రిక్ట్ 9'నే పరీక్షకు పెడదాం. అందులో రొయ్యల్లాంటి జీవుల మీద మనకు జాలి కలుగుతుంది, నిజమే. అదే మురికివాడలో నిజమైన వలస మనుషులూ ఉన్నారు: నైజీరియన్లు. సినిమా వాళ్లనెలా చూపించింది? ఆయుధాలమ్మే ముఠాగా, శక్తి వస్తుందని గ్రహాంతరజీవుల మాంసం తినే అనాగరికులుగా. ఆ చిత్రణ మీద నైజీరియా ప్రభుత్వం అభ్యంతరం చెప్పి, తమ దేశపు సినిమాహాళ్లలో ప్రదర్శన ఆపించింది.

వలస మనిషికి ప్రతీకగా నిలిచిన జీవికి కన్నీళ్లు, అసలు వలస మనిషికి ఛీత్కారం. ఇది ఒక దర్శకుడి పొరపాటుతో సరిపెట్టుకునే విషయం కాదు. ప్రతీక మీద జాలిపడటం చాలా చవక. అది జీతం అడగదు, కేసు వేయదు, పక్క గదిలోకి అద్దెకు రాదు. జాలి ఖర్చు లేకుండా తీరిపోయాక అసలు మనిషికి మిగిలేది ఉండదు.

4. కూలీ బతుకులో అర్థం కానిదేమీ లేదు

ఇది నా ప్రధాన అభ్యంతరం.

జగిత్యాల నుంచో నిర్మల్ నుంచో ఒక మనిషి మిత్తికి పైసలు తెచ్చి ఏజెంటు చేతిలో పోసి దోహా వస్తాడు. చెప్పిన పని ఒకటి, పెట్టిన పని ఒకటి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర. సనయ్య అనే పారిశ్రామికవాడలో ఇరుకు గది. జీతం ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు. పారిపోయి బయట పనిచేస్తే 'ఖల్లివల్లి' అనే ముద్ర. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వచ్చిన ఆడమనిషికి ఆ ఇరుకు గది తోడూ ఉండదు. నాలుగు గోడల మధ్య ఒంటరితనమే.

ఇందులో విశ్వరహస్యం ఏముంది? అసలు గ్రహాంతరజీవి కథలో విషాదం అర్థం కాకపోవడం వల్ల వస్తుంది. అది ఏం కోరుతుందో మనకు తెలియదు, మనమేం కోరుతున్నామో దానికి తెలియదు. కూలీ కష్టం అలా వచ్చింది కాదు. అతను బాగా అర్థమయ్యాడు కాబట్టే వచ్చింది. అతని అప్పెంతో, మిత్తి ఎంతో, ఇంట్లో పెళ్లికెదిగిన చెల్లెలు ఉందో లేదో, ఏ తేదీదాకా నోరెత్తలేడో ఏజెంటుకు లెక్కతో సహా తెలుసు. ఆ తెలియడమే అతని మెడకు తాడు.

మార్పు వచ్చినప్పుడూ అది మనిషిని మనిషిగా లెక్కించడం వల్లే వచ్చింది. దేశం దాటడానికి యజమాని అనుమతి పత్రం కావాలన్న నిబంధనను 2018లో ఎక్కువమంది కార్మికులకు, 2020 జనవరిలో ఇంటిపనివారికి కూడా తీసేశారు. ఉద్యోగం మారడానికి పాత యజమాని అభ్యంతరం లేదని రాసివ్వాలన్న షరతు 2020లో పోయింది. 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం, వసతి ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనం. అదే ఏడాది నుంచి వేసవిలో ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని నిషిద్ధం; వేడినీ తేమనూ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. ఈ అంకెల్లో ప్రతిదీ మనిషి ఒంటికీ కడుపుకీ కాళ్లకీ సంబంధించినది. అమలు ఎంతవరకు జరుగుతోందన్నది వేరే పోరాటం. ఆ పోరాటానికి కావాల్సింది రశీదు, సాక్ష్యం, పేరు, తేదీ. నాలుగు చేతులు కాదు.

కూలీని గ్రహాంతరజీవిగా రాయడం యజమానికి చేసే ఉపకారం. "వాళ్లు వేరే రకం, వాళ్ల బాధ మనకు అంతుపట్టదు" అనేదే కదా ప్రతి దోపిడీదారు చెప్పే సాకు. అతని సాకును కథాశిల్పంగా మార్చి అతనికే బహుమతిగా ఇస్తున్నాం.

5. "ముసుగు లేకపోతే రాయలేం" అన్నవాళ్లకు

గల్ఫ్‌లో ఉంటూ యజమాని పేరు పెట్టి రాయడం ప్రమాదమే. భయం నిజం, దాన్ని వెక్కిరించను. ముసుగు కావాలంటే వేసుకోవచ్చు. అయితే అది ముసుగని ఒప్పుకోవాలి. ఆత్మరక్షణకు వాడిన ఎత్తును తీసుకొచ్చి "ఈ ప్రక్రియ మొత్తం ఇందుకే ఉంది" అని సిద్ధాంతం చేయడమే తప్పు.

పైగా అసాధ్యాన్ని రాయడానికి మనిషిని తీసేయనక్కర్లేదని పక్క దేశం గురించిన పుస్తకమే చూపించింది. అబుదాబిలో పెరిగిన దీపక్ ఉన్నికృష్ణన్ 2017లో తెచ్చిన 'టెంపరరీ పీపుల్'లో భవనాల మీంచి పడిపోయిన కూలీలను రాత్రిపూట ఒక స్త్రీ వెతికి, విరిగిన ఒళ్లను అతికిస్తుంది. జరిగేది అసాధ్యం, జరుగుతున్నది మాత్రం మనుషులకే. కల్పన ఎంత దూరం పోయినా కూలీ కూలీగానే మిగిలాడు. సోఫియా అల్ మరియా చేసిందీ ఇలాంటిదే. ఆమె తన జీవితానికి తాను పెట్టుకున్న పోలిక అది. ఒకరు తమ కథకు ఎంచుకున్న పోలికను అందరి మెడకూ కట్టే హక్కు విమర్శకులకు ఎవరిచ్చారు?

6. పరాయితనం కోసం ఖతర్‌లో వెతుక్కోనక్కర్లేదు

"మన అనుభవంలో లేనిదాన్ని ఎలా రాస్తాం" అంటారు. ఖతర్‌లో ఉంటూ ఈ మాట అనడం కళ్లు మూసుకోవడమే.

ఈశాన్య తీరానికి దూరంగా సముద్రంలో అల్ షహీన్ చమురు క్షేత్రం ఉంది. వేసవి నెలల్లో ట్యూనా జాతి చేపలు అక్కడ గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు తినడానికి వేల్ షార్క్‌లు ఒక్కోసారి వంద దాకా ప్లాట్‌ఫారాల చుట్టూ చేరతాయి. ఏడెనిమిది మీటర్ల ఒళ్లు, ఎవరి మీదా శత్రుత్వం లేదు, ఎవరి మీదా ఆసక్తీ లేదు. పైన ఇనుప అంతస్తుల్లో మనుషులు షిఫ్టులు మారుతుంటారు, కింద అవి నోళ్లు తెరుచుకుని తిరుగుతుంటాయి. ఒకే చోటు, రెండు లోకాలు, మధ్య ఏ ఒప్పందమూ లేదు. చమురు కట్టడాల దగ్గర చేపలవేట మీద ఉన్న ఆంక్షలు వాటికి అనుకోని రక్షణ అయ్యాయి. ఎవరూ ఉద్దేశించని ఈ సహజీవనం కంటే మంచి కథావస్తువు ఏది?

పడమటి తీరంలో సముద్రపు గడ్డి మేసే డ్యూగాంగ్‌లు ఉన్నాయి. ఆస్ట్రేలియా తర్వాత ఇవి అత్యధికంగా బతికేది ఈ గల్ఫ్ నీళ్లలోనే. 1986లో ఖతర్, బహ్రెయిన్ మధ్య ఆరువందలకు పైగా ఒకే గుంపుగా కనిపించాయి. ఇక వాయవ్యాన దోహత్ ఫైషఖ్ ఉప్పునేలల్లో సూక్ష్మజీవులు చాపల్లా పరుచుకుని, తమ జిగురులో ఖనిజాలను పేర్చుతుంటాయి. అంగారకుడి మీద ఒకప్పుడు ప్రాణి ఉంటే దాని ఆనవాలు రాతిలో ఎలా కనిపిస్తుందో ఊహించడానికి శాస్త్రవేత్తలు ఆ నేలనే పరిశీలిస్తున్నారు.

ఆకాశంలో కూడా ఈ దేశం పేరుంది. ఖాలిద్ అల్ సుబాయి నడిపిన ఖతర్ ఎక్సోప్లానెట్ సర్వే 2010లో ఖతర్-1బి అనే గ్రహాన్ని ప్రకటించింది. బృహస్పతి లాంటి ఆ వాయుగోళం తన నక్షత్రం చుట్టూ తిరిగి రావడానికి మన లెక్కన 34 గంటలు చాలు. తర్వాత వచ్చినవాటితో ఆ వరుస ఖతర్-10బి దాకా సాగింది. తమ పేరున ఇన్ని గ్రహాలున్న దేశంలో కూర్చుని మనం గ్రహాంతరం అంటే లేబర్ క్యాంపే అని తేలుస్తున్నాం!

భూమ్మీది జీవులు మనకు చుట్టాలే కదా, అవి నిజమైన పరాయివి ఎలా అవుతాయని అడగవచ్చు. ప్రశ్న సరైనదే. అయితే చుట్టాలైన ఈ జీవులే ఇంత అంతుపట్టకుండా ఉంటే, చుట్టరికమే లేనిది ఎంత దూరంలో ఉంటుందో అంచనా వేసుకోవచ్చు. ఇవి కొలమానాలు.

"మన పురాణాల్లో ఇవన్నీ ఎప్పుడో ఉన్నాయి" అని ఇంకొకరు లేస్తారు. లేవు. యక్షులు, గంధర్వులు, రాక్షసులు అందరూ మన లాగే కోపగిస్తారు, మోహిస్తారు, పంతం పడతారు, పెళ్లాడతారు. హిడింబి భీముణ్ని వరించింది. అది పురాణాల గొప్పతనం, అదే వాటి హద్దు. మనకు లేని సంప్రదాయాన్ని ఉందని చెప్పుకుంటే దాన్ని ఎప్పటికీ నిర్మించుకోలేం.

7. చల్లని కథ ఎవరు రాశారు?

చివరి కాలు: అర్థంకాని జీవితో కథ నడవదు. నడిచి తొంభై ఏళ్లు దాటింది. స్టాన్లీ వెయిన్‌బామ్ 1934లో రాసిన 'ఎ మార్షియన్ ఒడిస్సీ'లో ఒక సిలికాన్ జీవి ఉంటుంది. ఇటుకలు విసర్జిస్తుంది, వాటిని తన చుట్టూ పిరమిడ్‌గా పేర్చుకుంటుంది, అది ఎదిగాక బద్దలు కొట్టుకుని పక్కకు జరిగి మళ్లీ మొదలుపెడుతుంది. లక్షల ఏళ్లుగా ఇదే పని. పక్కన నిలబడ్డ మనిషి దానికి లెక్కలోనే లేడు. ఆ లెక్కలో లేకపోవడమే పాఠకుణ్ని వణికిస్తుంది. టెర్రీ కార్ 1968లో రాసిన 'ది డాన్స్ ఆఫ్ ది ఛేంజర్ అండ్ ది త్రీ'లో గనుల కోసం వెళ్లిన బృందం అక్కడి జీవులతో సఖ్యంగానే ఉంటుంది. ఒకరోజు అవి బృందాన్ని దాదాపు తుడిచిపెట్టేస్తాయి. మిగిలినవాళ్లు ఎందుకని అడిగితే, వచ్చిన జవాబు జవాబులా ఉండదు. కథకుడు వాటి పురాణమంతా మనకు చెప్పి, కారణం మాత్రం చెప్పలేకపోతాడు. చల్లబడిందా ఆ కథ? మనిషి పరిశ్రమ పెట్టిన ప్రతి చోటుకీ అది చెందుతుంది.

నిజానికి ఇలాంటి వస్తువుకు తగిన రూపం చిన్న కథే. నవలకు వివరణ బరువుంటుంది, నాలుగువందల పేజీలు చదివినవాడు సమాధానం అడుగుతాడు. కథ అర్థంకాని అంచు దగ్గర ఆగిపోవచ్చు.

ఖతర్‌లో అలాంటి కథ ఎలా ఉంటుంది? రస్ లఫాన్‌లో సహజవాయువును మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరిచి ద్రవంగా మారుస్తారు. ఆ చలిలో మాత్రమే బతికే ఒక జీవి పైపుల్లో చేరిందనుకోండి. అది దాడి చేయదు, కబురు పంపదు. దాని ఒక్క కదలికకు మన ఆర్నెల్లు పడుతుంది. దాన్ని కదిలిస్తే ప్లాంటు ఆగుతుంది, వదిలేస్తే ఉత్పత్తి తగ్గుతుంది. కంపెనీ లెక్క వేస్తుంది, శాస్త్రవేత్తలు వాదించుకుంటారు, రాత్రి షిఫ్టులో దాని పక్కన నిలబడే డ్యూటీ మాత్రం పెద్దపల్లి టెక్నీషియన్‌కి పడుతుంది. అతని కాంట్రాక్టు, అతని భయం, ఇంటికి పంపాల్సిన డబ్బు అన్నీ కథలో ఉంటాయి, అతని పేరుతోనే ఉంటాయి. జీవి జీవిగానే ఉంటుంది. పరాయిదాని పక్కన నిలబడే ప్రమాదం ఎప్పుడూ ఎవరి వాటాకు వస్తుందన్న ప్రశ్న అప్పుడు పదునుగా లేస్తుంది. మారువేషపు కథ ఈ ప్రశ్న అడగలేదు. ఎందుకంటే ప్రమాదాన్నీ, దాన్ని మోసేవాణ్నీ అది ఒక్కటి చేసేసింది.

కాబట్టి సలహాలిచ్చే పెద్దలకు నా మాట ఇది. "చివరికి మనమే అసలైన గ్రహాంతరవాసులం" అనే ముగింపును ఇక చాలించండి. అది కథను ముగించదు, రాయాల్సిన కష్టాన్ని తప్పిస్తుంది. జీవికి మన కోపాలూ మన కోరికలూ అరువివ్వకండి. సహజీవనం అంటే గాలి, నీరు, చోటు, కాలం ఎవరికెంత అని రోజూ తేల్చుకోవాల్సిన బేరమని గుర్తుపెట్టుకోండి. కూలీ గురించి రాయాలనుకుంటే కూలీ గురించే రాయండి. అతని పేరు, ఊరు, అప్పు, రావాల్సిన జీతం అన్నీ రాయండి.

గ్రహాంతరజీవిని వలస మనిషికి ప్రతీకగా చదవడం ఒక్క దెబ్బకు రెండు అన్యాయాలు చేస్తుంది. పరాయిదాన్ని మనిషిగా కుదిస్తుంది, మనిషిని పరాయివాణ్ని చేస్తుంది. మొదటిది సాహిత్యానికి నష్టం. రెండోది మనవాడికి ద్రోహం. ఈ రెండూ చేసే సూక్తిని ఖతర్‌లోని తెలుగు రచయిత మోయాల్సిన అవసరం ఏమాత్రం లేదు.